స్ట్రాబెర్రీ రెండెకరాలు వేద్దామంటున్నారు మా ఆయన, ఏం చెప్పను?

ఈసారి ఉత్తరం జహీరాబాద్ దగ్గర ఒక ఊరి నుంచి వచ్చింది. ఐదు పేజీలు, మధ్యలో ఒక పేజీ నిండా లెక్కలు. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. విషయం మాత్రం కుదించి చెప్తాను.

ఆమెకు 36 ఏళ్లు. భర్తకు హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఊరికొస్తాడు. ఆమె, అత్తామామలు, రెండో క్లాసు చదివే కొడుకు ఊళ్లోనే ఉంటారు. మూడెకరాల ఎర్రనేల, ఒక బోరు. రెండేళ్ల కిందట మహారాష్ట్ర కొండల్లో స్ట్రాబెర్రీ తోటలుండే మహాబలేశ్వర్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆయనకు స్ట్రాబెర్రీ పిచ్చి పట్టుకుంది. పోయిన సెప్టెంబర్ ఆఖర్లో పది గుంటల్లో, అంటే పావెకరంలో, 5,000 మొక్కలు పెట్టించాడు. పెట్టించి సోమవారం పొద్దున బస్సెక్కాడు. తర్వాత నీళ్లు, మందులు, కోత, బాక్సులు, అమ్మకం అన్నీ ఈమెవే.

మొదటి నెలలోనే 2,200 మొక్కలు పోయాయి. మిగిలినవి డిసెంబర్ మొదటి వారం నుంచి ఫిబ్రవరి ఆఖరిదాకా 480 కిలోలు కాశాయి. అందులో 140 కిలోలు హైవే పక్కన, తెలిసినవాళ్లకు కిలో 350 చొప్పున అమ్మింది. 220 కిలోలు హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కు వెళ్తే అన్నీ పోను కిలోకి సగటున 120 వచ్చింది. 120 కిలోలు మెత్తబడో, బూజు పట్టో, జ్యూస్ బండి వాళ్లకు ఊరికే ఇచ్చో పోయాయి. ఖర్చు: మొక్కలు 70,000, డ్రిప్పు, మల్చింగ్ షీటు (నేల మీద పరిచే ప్లాస్టిక్) 32,000, ఎరువులు మందులు 14,000, కూలీ 38,000, బాక్సులు, కిరాయిలు 21,000. మొత్తం 1,75,000 పెడితే వచ్చింది 75,400. "లక్షకు నాలుగొందలు తక్కువ నష్టం" అని ఆమే రాసింది, కింద గీత కూడా గీసింది.

ఇప్పుడు ఆయన రెండెకరాలు వేద్దామంటున్నాడు. మొక్క 12 రూపాయలకు ఇచ్చి, పండు కిలో 150కి తనే కొంటానని ఒక డీలర్ చెప్పాడట. పది లక్షలు కావాలి. ఐదు ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి, ఐదు ఈమె నగలు కుదువపెట్టి. పంట నిలబడితే ఉద్యోగం మానేసి వచ్చేస్తాడట. మామయ్యేమో "పిల్లలాటలు చాలు, చెరకు వేసుకుందాం" అంటున్నారు. ఊళ్లో ఈమెకు "ఎర్రపండ్లామె" అని పేరు కూడా పడిపోయింది. ఆమె అడిగింది ఇది: "వద్దంటే ఆయన ఆశను చంపినదాన్ని అవుతాను. సరే అంటే నగలు పోతాయేమోనని టెన్షన్. పిరికిదానివి అంటున్నారు. నిజంగానే పిరికిదాన్నా?"

ముందు ఆ ఆఖరి ప్రశ్నకు. కాదండీ. పిరికివాళ్లు పోయిన డబ్బు లెక్క రాసుకోరు, దాన్ని చూడటానికే భయపడతారు. మీరు చెడిపోయిన 120 కిలోలు కూడా విడిగా రాశారు. మీ ఇంట్లో ఈ పంట గురించి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, అది మీరు. ఆయన మహాబలేశ్వర్‌లో తోట చూశాడు, మీరు జహీరాబాద్‌లో తోట చేశారు. ఈ తేడా ఆయనకు చెప్పాలి, దెబ్బలాటలా కాకుండా, మీ నోట్‌బుక్ ముందు పెట్టి.

ఆ నోట్‌బుక్‌తోనే ఒక లెక్క చేద్దాం. బతికిన మొక్కలు 2,800, పండు 480 కిలోలు, అంటే మొక్కకు 170 గ్రాములు. రెండెకరాలకు మీ లెక్కన 40,000 మొక్కలు. ఈసారి జాగ్రత్తగా నాటి నూటికి ఎనభై బతికించారనుకోండి, 32,000 మొక్కలు, దాదాపు 5,400 కిలోలు. మీకు కాపు ఉన్నది 85 రోజులు. రోజుకు సగటున 64 కిలోలు, 200 గ్రాముల బాక్సుల్లో చెప్పాలంటే 320 బాక్సులు. సగటు మాట అలా ఉంచండి, ఈ పంట సగటుగా కాయదు, విడతలు విడతలుగా ఊడిపడుతుంది. మామూలు రోజుల్లో ఐదారు కిలోలు వచ్చిన మీ తోటలో జనవరి మూడో వారంలో రోజుకు 17 కిలోలు కోశామని మీరే రాశారు. అదే తీరున రెండెకరాలకు ఆ వారంలో రోజుకు 900 పైన బాక్సులు. పోయినేడు సీజన్ మొత్తంలో మీరు మీ చేత్తో అమ్మినవి 700 బాక్సులు.

ఇదీ అసలు చిక్కు. చెరకు నాలుగు రోజులు ఆలస్యమైనా గడలోనే ఉంటుంది, ఆలుగడ్డ రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతారు, స్ట్రాబెర్రీ మాత్రం కోసిన దగ్గర్నుంచి మీకు ఒకటిన్నర రోజు ఇస్తుంది, ఎండలో ఒక గంట ఉంచితే అందులోనూ సగం తీసేసుకుంటుంది. అందుకే ఎంత నేల ఉంది, ఎన్ని మొక్కలు పడతాయి అని మొదలుపెడితే తప్పు లెక్కలోకి వెళ్తాం. రేపు సాయంత్రంలోపు ఎన్ని బాక్సులు అమ్మగలను అని మొదలుపెట్టి వెనక్కి రావాలి, మొక్కల దాకా.

మరి డీలర్ కొంటానన్నాడు కదా అంటారు మీవారు. సరే, ఒక్క పండు కూడా తిరక్కొట్టకుండా 5,400 కిలోలూ 150కే తీసుకున్నాడనుకుందాం. 8,10,000 వస్తుంది. ఖర్చు? మీ 1,75,000ను ఎనిమిదింతలు చేస్తే 14 లక్షలు. మొక్క రెండు రూపాయలు తక్కువ, పాత డ్రిప్పు కొంత పనికొస్తుంది, ఎక్కువ వేస్తే కొన్ని ఖర్చులు తగ్గుతాయి, అన్నీ తీసేసినా 12కు తగ్గదు. ఆయన చెప్పే పది లక్షల్లో కోత కూలీ, బాక్సులు, బండి కిరాయి ఉన్నాయో లేదో అడగండి, నాకైతే అనుమానమే. డీలర్ మాట నిలబెట్టుకున్నా నష్టమే వచ్చే వ్యాపారం ఇది, నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? అలాంటి ఒప్పందాల్లో చూడాల్సింది రేటు కాదు. ఏ సైజు పండు తీసుకుంటాడు, తోట దగ్గరే తీసుకుంటాడా లేక హైదరాబాద్ తెచ్చి ఇమ్మంటాడా, వద్దన్న పండు ఎవరి ఖాతాలో పోతుంది, కొనకపోతే ఏం కడతాడు. ఇవి కాగితం మీద లేకపోతే అతను మొక్కలమ్ముకునే మనిషి, అంతే.

ఆయన దగ్గర ఇంకో వాదన ఉంటుంది, "మొక్కకు అర కిలో వస్తుందట" అని. రావచ్చు, మహాబలేశ్వర్‌లో. ఆ ఊరు సముద్రమట్టానికి 1,300 మీటర్ల పైన ఉంది, దేశంలో పండే స్ట్రాబెర్రీలో చాలా భాగం అక్కడా పక్కన పంచ్‌గనిలోనే, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ చలి ముందు మొదలై ఆలస్యంగా పోతుంది, వేసవి మొదట్లో కూడా కోస్తూనే ఉంటారు. మన లంబసింగిలో పండుతోంది కదా అంటే, అదీ వెయ్యి మీటర్ల దాపున ఉన్న ఊరే, పైగా డిసెంబర్, జనవరిలో మంచు చూడటానికి వచ్చే జనం తోట గట్టు మీదే కొనుక్కుంటారు. చలీ, కొనేవాళ్లూ ఒకేసారి ఒకేచోటికి వస్తారు. జహీరాబాద్ ఎత్తు మహాబలేశ్వర్ ఎత్తులో సగమే. మీకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి బాగానే ఉంటుంది, మార్చి వచ్చేసరికి పండు గోళీకాయంత అవుతుంది. మొక్క కూడా మీ ఎండాకాలం దాటదు, ప్రతి ఏడూ కొత్త మొక్కలు కొనాల్సిందే. కాబట్టి ఆ 70,000 ఒకసారి పెట్టి మర్చిపోయే పెట్టుబడి కాదు, ప్రతి సెప్టెంబర్ కట్టే బిల్లు.

ఇంతకీ ఆ 2,200 మొక్కలు ఎందుకు చచ్చాయి? మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "కైకిలోళ్లు మిరపనారు నాటినట్టే చకచకా నాటేశారు" అని రాశారు. మిరపనారును కాండం కొంచెం లోపలికి దిగేలా నొక్కినా ఏమీ అనుకోదు. స్ట్రాబెర్రీకి అసలు కాండమే కనపడదు, ఆకులూ పూలూ అన్నీ పుట్టుకొచ్చేది వేళ్ల పైన ఉండే బొటనవేలంత పొట్టి మొదలు నుంచి. ఆ మొదలు సగం మట్టిలో, సగం బయట ఉండాలి. పూర్తిగా పూడితే లోపలి మొగ్గ కుళ్లుతుంది, పైకి ఉంటే వేళ్లు గాలికి ఎండిపోతాయి. అర అంగుళం తేడా, అంతే. దీనికి తోడు సెప్టెంబర్ ఆఖరి ఎండ, వేడెక్కిన ప్లాస్టిక్ షీటు, ట్రక్కులో వాడిపోయి వచ్చిన నారు. నాటాక మొదటి పది రోజులు డ్రిప్పు ఒక్కటే చాలదు, పైనుంచి కూడా సన్నగా తడపాలి.

అన్నీ నాటడం వల్లే పోయాయని కూడా అనలేను. మళ్లీ వేస్తే, చచ్చిన మొక్కను పీకి ఆ మొదలును బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. లోపల తెల్లగా ఉండి వేళ్లు మాత్రం ఎండితే నీళ్లదో, నాటడానిదో తప్పు. లోపల ఎర్రగా, గోధుమరంగు చారలుగా ఉంటే తెగులు, అది చాలాసార్లు నర్సరీ నుంచే వస్తుంది. ఫొటో తీసి పెట్టుకోండి, మొక్కలిచ్చినవాళ్లతో మాట్లాడటానికి అదే ఆధారం.

వంకర పండ్ల సంగతి కూడా అడిగారు, మార్కెట్‌లో వాటినే పక్కన పెట్టారని. పండు మీద నువ్వుల్లా కనిపించేవి ఉన్నాయి చూశారా, ఒక్కొక్క గింజకు విడిగా పుప్పొడి అందాలి. అందిన గింజ కింద కండ ఉబ్బుతుంది, అందనిచోట అలాగే గిడసబారి ఉండిపోతుంది. ఒక పక్కే అందితే పండు కోడిజుట్టులా అవుతుంది. తేనెటీగలు పనిచేసే పొద్దుటిపూట మందు కొడుతున్నామని రాశారు, అది సాయంత్రానికి మార్చండి. వంకరకు వేరే కారణాలూ ఉంటాయి గానీ ముందు ఖర్చులేనిది చేసి చూద్దాం.

ఇక దారులు.

రెండెకరాల గురించి నా లెక్క చెప్పేశాను, మళ్లీ చెప్పను. ఆయన అయినా వేద్దామంటే, అప్పుడు పెట్టే డబ్బు పోయినా ఇల్లు నడిచేంత వరకే పెట్టాలి, నగలు అందులో ఉండకూడదు. పంట ఫిబ్రవరిలో అయిపోతుంది, కుదువ వడ్డీ అవ్వదు.

రెండోది, ఈసారి ఇంకా తక్కువ వేయడం. నష్టం వచ్చింది కదా పెంచితే కలిసొస్తుందని అందరూ అనుకుంటారు, ఇక్కడ ఉల్టా. ఆరు గుంటలు, 3,000 మొక్కలు అనుకోండి. 2,400 బతికితే 400 కిలోల పైచిలుకు. ఖర్చు, డ్రిప్పు ఉంది కాబట్టి, లక్ష చుట్టూ. అందులో 350 కిలోలు మీరు 350కే అమ్మగలిగితే 1,22,500 వస్తుంది, మిగిలినదాంట్లో కొంత మార్కెట్‌కు. చేతిలో మిగిలేది పాతికవేలు. నవ్వుకుంటారేమో, పాతికవేల కోసం ఇంత చాకిరీనా అని. నిజమే, ఇది జీతం కాదు. కానీ పోయినేడు లక్ష ఇచ్చి నేర్చుకున్నది ఈ ఏడు ఉల్టా డబ్బిచ్చి నేర్పిస్తుంది. 350 కిలోలంటే 1,750 బాక్సులు, రోజుకు ఇరవై, రోజు విడిచి రోజు కోస్తే నలభై. నలభై బాక్సులు హైదరాబాద్‌లో రెండు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులకు పెద్ద లెక్క కాదు.

ఆ అపార్ట్‌మెంట్లలో ఉండేది ఎవరు? మీవారు! పంట మీది, అమ్మకం ఆయనది అని పని పంచుకోవచ్చు, ఆయన ఉద్యోగం మానేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు, కొనేవాళ్ల మధ్య ఉన్న మీ మనిషి కూడా. వారం మధ్యలో పండు వెళ్లడం ఎలాగన్నది మాత్రం తేల్చుకోవాలి. మీ ఊరి నుంచి పొద్దున్నే కూరగాయల బండ్లు వెళ్తాయి కదా, మాట్లాడుకోండి, కాకపోతే మీ బాక్సుల మీద క్యాబేజీ బస్తా పడకుండా చూసుకునే డ్రైవర్ అయ్యుండాలి.

ఇలా అమ్మడంలో మీకు ఒక బలం ఉంది, మహాబలేశ్వర్ రైతుకు లేనిది. స్ట్రాబెర్రీ కోశాక మామిడిలా మాగదు. రంగు కొంచెం ముదురుతుందేమో గానీ తీపి పెరగదు. దూరం పంపే పండును మూడొంతులు ఎర్రబడగానే కోయాలి, అందుకే హైదరాబాద్ సూపర్ మార్కెట్‌లో పండు చూడ్డానికి ముద్దొస్తుంది, నోట్లో పెడితే ముఖం మాడ్చుకుంటాం. మీరు వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్నారు. నిండా ఎర్రబడ్డాక, పొద్దున ఎండెక్కకముందే కోసి అదే రోజు ఇవ్వగలరు. ఒకసారి ఆ రుచి చూసినవాళ్లు రేటు అడగరు, మళ్లీ ఎప్పుడు అని అడుగుతారు. ఈ బలం నలభై బాక్సుల వరకే ఉంటుంది. తొమ్మిదొందల బాక్సులైతే మీరూ పచ్చిగానే కోసి ట్రక్కు ఎక్కించాలి.

మూడో దారి, స్ట్రాబెర్రీ కాకుండా మన ఎండను తట్టుకునేవి. పండు కోసం పెంచే మల్బరీ రకాలున్నాయి, ఏటేటా నాటే పని లేదు, పండు మాత్రం ఇంకా సుకుమారం, చేతులు బట్టలు అన్నీ ఊదారంగే. వాక్కాయ నాకిష్టం, ముళ్లకంచెగా గట్టు చుట్టూ వేసేయొచ్చు, పప్పులోకి, పచ్చడికి అడుగుతారు, కేకుల మీదా పాన్‌లోనూ చెర్రీ అని పెట్టే ఎర్ర ఉండలు చాలావరకు పాకంలో ఊరేసి రంగు వేసిన వాక్కాయలేనని ఎంతమందికి తెలుసు! మూడెకరాలకూ వేసేయమనడం లేదు, కంచె ఎలాగూ కావాలి కదా అని. బ్లూబెర్రీ జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. దానికి బాగా పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (పీహెచ్) 4.5 నుంచి 5.5 మధ్య. మన బోరు నీళ్లు ఎక్కువగా దానికి ఎదురు గుణం. కుండీలు, కొబ్బరిపొట్టు, నీళ్లకు యాసిడ్ కలపడం, అదంతా వేరే ఖర్చు, వేరే చదువు. యూట్యూబ్‌లో కిలో వెయ్యి రూపాయలు అని చూసి మీవారు దాని మీద పడకముందే చెప్తున్నాను.

జామ్ చేద్దామా అని కూడా అడిగారు. మెత్తబడ్డ పండుకు అదొక దారే, బూజు పట్టినదానికి కాదు. అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి. పోయిన 120 కిలోల్లో సగమైనా సీసాల్లోకి వెళ్తే మేలే, దాన్నే నమ్ముకుని మొక్కలు పెంచొద్దు.

నాలుగోది మామయ్య మాట, చెరకు. ఆయన్ని శత్రువుగా చూడకండి. మీ ఉత్తరంలో రెండుచోట్ల "ముసలాయన" అని విసుక్కున్నారు. మూడెకరాల్లో ఆరు గుంటలు మీకు, మిగతాది ఆయనకు అంటే బహుశా ఆయనే ముందు ఒప్పుకుంటారు. పూర్తిగా మానేయడం కూడా దారే, అందులో ఓటమి ఏం లేదు. ఆ పక్షంలో డ్రిప్పు లైన్లు చుట్టి నీడన పెట్టండి, ఎండలో పడి ఉంటే పగిలిపోతాయి. కానీ నాకెందుకో మీరు మానరనిపిస్తోంది. ఐదు పేజీల్లో నష్టం గురించి ఒక పేజీ రాశారు, మొదటి పండు మీ అబ్బాయి ఎలా తిన్నాడో పేజీన్నర రాశారు.

మీవారితో మాట ఎలా ఎత్తాలంటారా? "వద్దు" అని మొదలుపెట్టకండి. ఆయన వచ్చిన శనివారం నోట్‌బుక్ తీసి "ఇది ఎనిమిదింతలు చేసి చూపించండి, జనవరి మూడో వారంలో రోజుకు తొమ్మిదొందల బాక్సులు ఎవరికి అమ్ముతామో పేర్లు రాయండి" అని పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. పేర్లు రాస్తే సంతోషమే, మనం మళ్లీ మాట్లాడుకుందాం. రాయలేకపోతే ఆగిపోయింది మీ వల్ల కాదు కదా. నగల సంగతి మాత్రం ఈ లెక్కల్లో కలపొద్దు. అది విడిగా, ముందే, ఒక్క మాటలో చెప్పేయండి: అవి ఇందులో లేవు.

మొక్కలకు అడ్వాన్స్ ఆగస్టులో కట్టాలన్నారు. ఆలోపు బోరు నీళ్లు పరీక్ష చేయించండి, పోయినసారి చేయించలేదని రాశారు. ఈ మొక్కకు ఉప్పు అస్సలు పడదు, ఆకుల అంచులు మాడినట్టు అయ్యాయన్నది దానివల్లే కావచ్చు. జహీరాబాద్‌లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ మొదలుపెట్టండి, లేకపోతే ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లను అడగండి, సిద్దిపేట జిల్లా ములుగు అండీ, ఇంకో ములుగు కాదు. నీళ్లలో ఉప్పు ఎక్కువని తేలితే పైన రాసిన రెండో దారి కూడా కొట్టేయండి, ఆరు గుంటలూ వద్దు. బాగున్నాయంటే ఆ కాగితం ఫొటో నాకు పంపండి, నాటే తేదీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం. సెప్టెంబర్ ఆఖరు కంటే రెండు వారాలు ఆగడమే మీకు నయమేమోనని నా అనుమానం.